గట్టుకు అటు ఒక జీతం, ఇటు ఒక జీతం: గాజువాక వెల్డరు కేసు

2023 ఫిబ్రవరిలో నా బల్ల మీదికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది సింగపూర్‌లోని ఓడల మరమ్మతు యార్డులో వెల్డరు ఉద్యోగానికి ఆఫర్ లెటర్. రెండోది మలేషియాలోని జొహోర్ రాష్ట్రంలో, పాసిర్ గుడాంగ్ అనే రేవు పట్టణంలో, అదే వెల్డరు ఉద్యోగానికి. తెచ్చిన కుర్రవాడు ఒకడే. పది రోజుల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

నేను పద్దెనిమిదేళ్లు ఒక బ్యాంకులో విదేశీ చెల్లింపుల విభాగంలో పనిచేశాను. విరమణ తర్వాత విశాఖపట్నం కూర్మన్నపాలెంలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని, విదేశాలకు పనికి వెళ్లేవారి కాగితాలు చదివి లెక్క వేసి చెబుతున్నాను. రుసుము తీసుకోను. ఈ కేసును అతని అనుమతితో రాస్తున్నాను, అతణ్ని గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ లెక్కలో మన పిల్లలు మళ్లీ మళ్లీ ఒకే చోట పొరబడుతున్నారు. ఆ పొరపాటును వాళ్ల అమ్మల మెడలో గొలుసులు తీరుస్తున్నాయి.

మనిషి, పని, ఇల్లు

వయసు ఇరవై ఏడు. ఐటిఐలో వెల్డర్ ట్రేడు చదివాడు. గాజువాక ఆటోనగర్ షెడ్లలో మొదలుపెట్టి, తర్వాత సింధియా వైపు ఓడల మరమ్మతు కాంట్రాక్టర్ల దగ్గర చేరాడు. మొత్తం ఆరేళ్ల అనుభవం. రోజు కూలి 850 రూపాయలు, నెలకు ఇరవై నాలుగు రోజులు పని దొరికితే 20,400. ఆ ఏడాదే 6జి అనే గొట్టాల వెల్డింగ్ పరీక్ష పాసయ్యాడు. గొట్టాన్ని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. దాన్ని తిప్పడానికి వీల్లేదు, వెల్డరే దాని చుట్టూ తిరగాలి. పైన నిలబడి, పక్కన ఒదిగి, కింద దాదాపు పడుకుని, లోపలి పొర నుంచి పై పొర వరకు అతుకు ఒకే తీరుగా రావాలి. అతను తన టెస్ట్ ముక్కను సంచిలో వెంట తెచ్చుకున్నాడు. పై పొర మీద చేప పొలుసుల్లా వరుస తప్పని గీతలు. నాకు వెల్డింగ్ తెలియదు కానీ ఆ గొట్టాన్ని చేత్తో తడిమినప్పుడు, ఈ చేతికి ఎక్కడైనా పని దొరుకుతుందని మాత్రం అర్థమైంది.

ఇంట్లో తల్లి, భార్య, ఏడాది పాప. అతను దూరంగా ఉంటే ఇంటికి నెలకు 20,000 కావాలి, ఇక్కడే ఉంటే 23,000.

ఏజెంటు చెప్పిన మాట

అతని మనసు అప్పటికే సింగపూర్ వైపు ఉంది. దానికి ఏజెంటు చెప్పిన ఒక్క మాటే కారణం: "జీతం సింగపూర్‌లో తీసుకో, ఖర్చు జొహోర్‌లో పెట్టుకో. మధ్యలో కిలోమీటరు గట్టే కదా, అందరూ అలాగే చేస్తారు."

ఈ మాటలో సగం నిజం ఉంది కాబట్టే అది ప్రమాదకరమైంది. ఆ నిజం సగం ఏమిటో ముందు అతనికి చెప్పాను.

సింగపూర్‌కు, జొహోర్ రాష్ట్ర రాజధాని జొహోర్ బారుకు మధ్య ఉన్నది సన్నని జలసంధి. 1924లో దాని మీద రాళ్లు పోసి సుమారు కిలోమీటరు పొడవున గట్టు వేశారు. 1965లో సింగపూర్ వేరే దేశమైంది. అయినా చాలా కాలం డబ్బుకు సరిహద్దు లేదు. 1973 మే వరకు సింగపూర్ డాలరు, మలేషియా డాలరు ఒకదానికొకటి సమానంగా చెల్లేవి. అతను నా దగ్గరకు వచ్చిన నెలలో ఒక సింగపూర్ డాలరుకు మలేషియా డబ్బులో దాదాపు 3 రింగిట్ల 30 సెన్లు వస్తున్నాయి. ఒకప్పుడు ఒకే విలువతో చెల్లిన రెండు నోట్ల మధ్య యాభై ఏళ్లలో ఏర్పడ్డ దూరం ఇది.

ధరల దగ్గర ఇది ఎలా కనబడుతుందంటే, రెండు ఊళ్లలోనూ తినుబండారాల ధరల్లో అంకె తరచుగా ఒకేలా ఉంటుంది, డబ్బు పేరు మారుతుంది. సింగపూర్‌లో పది డాలర్ల అరిటాకు భోజనం జొహోర్‌లో పది పన్నెండు రింగిట్లు. అంటే మూడో వంతు ఖరీదు. మలేషియాలో సాధారణ పెట్రోలు అప్పట్లో లీటరు 2 రింగిట్ల 5 సెన్లే, ప్రభుత్వం రాయితీ భరించేది. ఆ రాయితీ పెట్రోలును విదేశీ నంబరు బండికి పోయకూడదని మలేషియా నిబంధన పెట్టుకుంది. సింగపూర్ కూడా తన బండి గట్టు దాటాలంటే ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉండాలని 1991 నుంచి పట్టుబడుతోంది. రెండు ప్రభుత్వాలూ ఒకే లీటరు పెట్రోలు ధరలోని తేడాను చెరో వైపు నుంచి కాపలా కాస్తున్నాయి.

ఇంకో ఉదాహరణ అతని మనసుకు బాగా పట్టింది. 2022 జూన్ 1న మలేషియా తమ దేశంలో కోడి ధర పెరిగిందని ఎగుమతులు ఆపేసింది. సింగపూర్ తినే కోళ్లలో మూడో వంతు దాకా అక్కడి నుంచే వస్తుంది, చాలావరకు ప్రాణంతోనే వచ్చి సింగపూర్‌లో కోతకు వెళ్తాయి. గట్టు అవతల తీసుకున్న నిర్ణయంతో ఇవతల కోడికూర అన్నం అమ్మే దుకాణాలకు తాజా మాంసం కరువైంది. అంటే రెండు ఊళ్ల వంటగది ఒకటే, గల్లాపెట్టెలే వేరు.

కాబట్టి సింగపూర్‌లో సంపాదించి జొహోర్‌లో ఖర్చు పెట్టడం లాభమే. ఆ లాభం కోసమే మామూలు రోజుల్లో సుమారు మూడు లక్షల మంది ఆ గట్టు దాటుతారు. తెల్లవారుజామున నాలుగింటికే మోటారు సైకిళ్ల వరసలు మొదలవుతాయి. కానీ ఆ వరసల్లో రోజూ పనికి వెళ్లేవాళ్లు మలేషియా పౌరులు. వాళ్లు రాత్రికి తమ సొంత దేశంలోని తమ ఇంటికి చేరతారు.

ఇక్కడే ఏజెంటు మాటలోని రెండో సగం కూలిపోయింది. భారతీయ వెల్డరుకు సింగపూర్ ఇచ్చేది వర్క్ పర్మిట్. అది ఒక్క యజమానికి ముడిపడి ఉంటుంది. యజమానే ప్రభుత్వానికి 5,000 డాలర్ల పూచీ కట్టాలి, ఆ పూచీ మలేషియా పౌరుల విషయంలో అక్కర్లేదు. ఓడల యార్డులో పనిచేసే మనవాళ్లకు నివాసం యజమాని చూపించాలి, అంటే డార్మిటరీ. జొహోర్‌లో గది తీసుకుని రోజూ వచ్చిపోయే దారి అతనికి లేదు. అప్పట్లో భారతీయులకు మలేషియాలో అడుగుపెట్టడానికే వీసా కావాలి. అది లేకుండా ముప్పై రోజుల వరకు వెళ్లే వెసులుబాటు 2023 డిసెంబరులో వచ్చింది, అదీ సందర్శనకే.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే సార్, గట్టు నాకు పనికిరాదా?" అని అడిగాడు. "దాటడానికి పనికిరాదు బాబూ, కానీ నీ జీతాన్ని అదే నిర్ణయిస్తుంది" అన్నాను. ఆ మాటను వివరించడానికి కాగితం మీద గళ్లు గీశాను.

గళ్లు గీసిన కాగితం

సింగపూర్ బేసిక్ 900 డాలర్లు. జొహోర్ బేసిక్ 2,600 రింగిట్లు. అతను డాలరు, రింగిట్ తేడా విని సింగపూర్ జీతం మూడు రెట్లు ఎక్కువ అనుకున్నాడు. 900 డాలర్లను రింగిట్లలోకి మారిస్తే 2,970. తేడా పద్నాలుగు శాతం మాత్రమే. మలేషియా పౌరుడు గట్టు దాటితే దక్కే లాభం మన కుర్రవాడికి దక్కదు. సింగపూర్ యజమాని విదేశీ కార్మికుడి మీద ప్రభుత్వానికి నెలనెలా వందల డాలర్ల లెవీ కడతాడు, డార్మిటరీ మంచానికి అద్దె కడతాడు, పూచీ పెడతాడు. ఆ నగరంలో వెల్డరు చేతికి ఉన్న అసలు విలువలో ఇవన్నీ ముందే తీసేసి, మిగిలినదాన్ని బేసిక్ అని రాస్తారు.

ఓవర్‌టైమ్ నెలకు 60 గంటలు ఉంటుందని రెండు వైపులా చెప్పారు. సింగపూర్‌లో వారానికి 44 గంటల పని, అది దాటితే ఒకటిన్నర రెట్లు. 900 బేసిక్ మీద గంటకు 7 డాలర్ల 8 సెంట్లు పడుతుంది. అరవై గంటలకు 425. మొత్తం 1,325. డార్మిటరీ క్యాంటీను తిండి, ఫోను, బస్సు, సబ్బులు, ఆదివారం ఖర్చు కలిపి 280 తీశాను. మిగులు 1,045 డాలర్లు. అప్పటి రేటు 62 రూపాయల చొప్పున 64,790.

జొహోర్‌లో 2023 జనవరి నుంచి వారానికి 45 గంటలు. బేసిక్‌ను 26 రోజులతో, తర్వాత 8 గంటలతో భాగిస్తే గంటకు 12.50 రింగిట్లు, ఓవర్‌టైమ్‌కు 18.75. అరవై గంటలకు 1,125. మొత్తం 3,725. గది యజమానిది. వండుకుని తినడానికి 450, మిగతా ఖర్చులు, పన్ను, కోతలు కలిపి 275. మిగులు 3,000 రింగిట్లు. 18 రూపాయల 80 పైసల చొప్పున 56,400.

నెలకు 8,390 రూపాయలు సింగపూర్‌దే పైచేయి. అతని ముఖం వెలిగింది. అప్పుడు అడిగాను: "ఏజెంటుకు ఎంత?"

సింగపూర్‌కు 3 లక్షల 20 వేలు. జొహోర్‌కు 1 లక్షా 10 వేలు. రెండింటికీ అప్పే, నూటికి మూడు రూపాయల వడ్డీ, ప్రామిసరీ నోటు, తల్లి గొలుసు పూచీ.

ఈ గడి నింపకుండా మిగతావన్నీ నింపి సంబరపడేవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. అప్పులో తేడా 2 లక్షల 10 వేలు. దాని మీద వడ్డీయే మొదట్లో నెలకు 6,300. అంటే సింగపూర్ ఎక్కువ ఇచ్చే 8,390లో ముప్పావు వంతు వడ్డీ వ్యాపారి తీసుకుపోతాడు. ఇంటికి 20,000 పంపి, మిగిలిందంతా అప్పుకే కడితే సింగపూర్ అప్పు తీరడానికి ఎనిమిది నెలలు దాటుతుంది, జొహోర్ అప్పుకు మూడు నెలల పైన కొన్ని రోజులు. రెండేళ్ల చివర చేతిలో ఉండేది సింగపూర్‌లో సుమారు 7 లక్షల 10 వేలు, జొహోర్‌లో 7 లక్షల 57 వేలు. జీతం తక్కువైన చోటే మిగులు ఎక్కువ.

తర్వాత ఓవర్‌టైమ్ గడిలో సున్నా వేశాను. అతను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. "అరవై గంటలు ఖాయమన్నారు సార్." ఆఫర్ లెటర్‌లో ఆ ఖాయం ఎక్కడ ఉందో చూపించమన్నాను. రెండు లెటర్లలోనూ లేదు. ఓవర్‌టైమ్ లేకుంటే జొహోర్ అప్పు ఎనిమిది నెలలు దాటాక తీరి, రెండేళ్లకు సుమారు 2 లక్షల 40 వేలు మిగులుతాయి. సింగపూర్‌లో రెండేళ్ల పర్మిట్ గడువు ముగిసే రోజుకు అప్పు కూడా పూర్తిగా తీరదు. ఇరవై నాలుగు నెలలు మండే రేకుల ముందు ఒంగి పనిచేసి, ఇంటికి ఖాళీ చేతులతో, ఇంకా కొంత నోటు మిగిలి ఉండగా రావడం. ఆ వరుస రాస్తున్నప్పుడు అతని కన్నా నాకే ఎక్కువ బాధ కలిగింది, ఎందుకంటే అలా వచ్చినవాళ్ల పాస్‌బుక్కులు నేను కౌంటరులో చూశాను.

మూడో నిలువు గడి విశాఖపట్నం. ఇది చాలామంది గీయనే గీయరు. 6జి సర్టిఫికెట్ వచ్చాక ఇక్కడి కాంట్రాక్టరు రోజుకు 1,100 ఇస్తానన్నాడు. నెలకు 26,400, ఖర్చు 23,000, మిగులు 3,400. రెండేళ్లకు 81,600. అప్పు లేదు, పాప నడక నేర్చుకోవడం కళ్లారా చూస్తాడు. ఓవర్‌టైమ్ లేని సింగపూర్ కన్నా ఇది మెరుగు.

న్యాయమైన ఖర్చు ఎంత

అతని ఏజెంటు అడిగిన 3 లక్షల 20 వేలకు చట్టంలో ఆధారం లేదు. మన ఎమిగ్రేషన్ చట్టం 1983 నాటిది. దాని కింద నమోదైన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. సింగపూర్ వైపు ఏజెన్సీ అక్కడి చట్టం ప్రకారం ఒప్పందంలోని ఏడాదికి ఒక నెల జీతం, గరిష్ఠంగా రెండు నెలల జీతం తీసుకోవచ్చు. 900 బేసిక్‌కు అది 1,800 డాలర్లు, అంటే 1,11,600. రెండూ కలిపి 1,47,000. ఆ ఖర్చుతోనే వెళ్లగలిగితే, అరవై గంటల ఓవర్‌టైమ్‌తో రెండేళ్లకు 9 లక్షల 18 వేలు మిగిలేవి, జొహోర్‌ను సింగపూర్ తేలిగ్గా దాటేసేది. అంటే ఈ కేసులో జీతాన్ని తలకిందులు చేసింది విశాఖలో జరిగిన బేరం.

ఆ లెక్క పట్టుకుని ఏజెంటును రశీదు అడగమన్నాను. ఏజెంటు రశీదు ఇవ్వనన్నాడు, తన రిజిస్ట్రేషన్ నంబరూ చెప్పలేదు. ఆ సమాధానంతో సింగపూర్ కాగితం పక్కకు వెళ్లింది. జొహోర్ ఏజెంటు నంబరును మన ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూశాం, ఉంది. అక్కడా అడిగింది చట్టం చెప్పిన దానికన్నా ఎక్కువే. దేనికెంతో విడదీసి రాసివ్వమని పట్టుబడితే 1,10,000 కాస్తా 92,000కు దిగింది. మలేషియా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్లేందుకు మన ప్రభుత్వ అనుమతి, అవసరమైన దేశాల జాబితాలో ఉన్నా, పదో తరగతి పాసైనవాడు కాబట్టి అతనికి అది తప్పనిసరి కాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా తీసుకోమన్నాను. పది లక్షల బీమాకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు.

మే నెలలో వెళ్లాడు.

అక్కడి నుంచి వచ్చిన ఫోన్లు

మొదటి ఫోను జూలైలో. తన ఫోర్‌మన్ కొడుకు కూడా వెల్డరేనని, తెల్లవారకముందే బండి మీద తువాస్ దగ్గరి రెండో వంతెన దాటి సింగపూర్ యార్డుకు వెళ్తాడని చెప్పాడు. "అతను ఖాళీ చేసిన చోటే నాకు పని దొరికింది సార్." గళ్ల కాగితం మీద నేను చెప్పాలనుకుని సరిగ్గా చెప్పలేకపోయిన సంగతిని అతను రెండు నెలల్లో అందుకున్నాడు. డాలరు కోసం జొహోర్ చేతులు గట్టు దాటుతాయి. జొహోర్ యార్డులు ఆ ఖాళీని బంగ్లాదేశ్, నేపాల్, భారత్ చేతులతో నింపుకుంటాయి. గాజువాక కుర్రవాడి బేసిక్ 2,600 దగ్గర నిలవడానికి, ఆ ఉద్యోగం అసలు ఉండడానికి, కారణం ఆ రెండు ఊళ్ల మధ్య జీతాల తేడాయే.

అప్పు అయిదో నెలలో తీరింది. నా అంచనా కన్నా ఆలస్యం, ఎందుకంటే ఓవర్‌టైమ్ అరవై గంటలు రాలేదు. ఓడ డాక్‌లో ఉన్న నెలలో ఎనభై, లేని నెలలో ఇరవై. రెండేళ్ల సగటు 48 గంటలు. ఇది నా లెక్కలోని లోపం. నేను అరవై, సున్నా అనే రెండు చివరలు వేశాను, మధ్యలో ఒకటి వేయలేదు.

2024 ఫిబ్రవరిలో కంగారుగా ఫోను చేశాడు. రింగిట్ పడిపోయింది. అమెరికా డాలరుతో పోలిస్తే ఇరవై ఆరేళ్ల కనిష్ఠానికి చేరింది. సింగపూర్ డాలరుకు మూడున్నర రింగిట్లు దాటాయి. మన రూపాయల్లో ఒక రింగిట్‌కు 17 రూపాయల 30 పైసలు. వారాంతాల్లో సింగపూర్ వాళ్లు కార్లలో వచ్చి జొహోర్ బారు దుకాణాలను నింపేస్తున్నారని, తను ఆదివారం తినే చోట కూడా ధర పెరిగిందని చెప్పాడు. జీతం విలువ తగ్గడం, తిండి ధర పెరగడం ఒకే కారణంతో జరిగాయి. బలమైన డబ్బు పక్క ఊరిలో ఉంటే, బలహీనమైన డబ్బుతో జీతం తీసుకునేవాడు రెండు వైపులా నష్టపోతాడు.

అప్పు అప్పటికే తీరింది కాబట్టి, ఇంటికి 20,000కు సరిపడా మాత్రమే పంపి మిగతాది అక్కడి బ్యాంకు ఖాతాలో ఉంచమన్నాను. రేటు పెరుగుతుందని నాకు తెలియదు, ఆ మాటా చెప్పాను. వడ్డీ భారం లేని మనిషికి ఆగే వీలుంటుంది, అంతే. సెప్టెంబరు చివరికి రింగిట్ 20 రూపాయలు దాటింది. అప్పటిదాకా ఆపిన 8,000 రింగిట్లు ఒకేసారి పంపాడు. ఫిబ్రవరి రేటుకు పంపి ఉంటే 1,38,400 వచ్చేవి, సెప్టెంబరు చివరలో 1,62,000 వచ్చాయి. అదే సమయానికి మూడు లక్షల అప్పు నెత్తిమీద ఉండి ఉంటే ఎంత రేటుకైనా పంపక తప్పేది కాదు.

2025 మేలో తిరిగి వచ్చాడు. రెండేళ్ల మిగులు సుమారు 6 లక్షల 60 వేలు. నా అంచనా కన్నా దాదాపు లక్ష తక్కువ, ఆ లక్ష దాదాపుగా రాని ఓవర్‌టైమే. తల్లి గొలుసు ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు అతని ముందు మళ్లీ సింగపూర్ ఉంది. ఈసారి యజమాని నేరుగా తీసుకుంటున్నాడు, ఏజెంటు లేడు. బేసిక్ 1,100 డాలర్లు. ఈ రెండేళ్లలో అటూ ఇటూ అంకెలు మారాయి. సింగపూర్‌లో జీఎస్టీ 2024 జనవరి నుంచి 9 శాతం. మలేషియాలో కనీస వేతనం 2025 ఫిబ్రవరి నుంచి 1,500 నుంచి 1,700 రింగిట్లకు పెరిగింది. 2025 జనవరిలో రెండు దేశాలు జొహోర్‌లో ఉమ్మడి ప్రత్యేక ఆర్థిక మండలానికి సంతకాలు చేశాయి. గట్టు పక్కనే గంటకు ఒక్కో దిశలో పదివేల మందిని దాటించే రైలు మార్గం కడుతున్నారు. అది నడిస్తే ఇంకా ఎక్కువ మంది జొహోర్ వెల్డర్లు అటు వెళ్తారని, పాసిర్ గుడాంగ్‌లో బేసిక్ పెరుగుతుందని అతని అంచనా. నాకూ అలాగే అనిపిస్తోంది. అందుకే పాత యజమానితో మాట తెంచుకోవద్దని చెప్పాను.

నా గళ్ల కాగితాన్ని కూడా మార్చాను. ఓవర్‌టైమ్‌కు ఇప్పుడు మూడు వరుసలు ఉన్నాయి, మధ్య వరుసలో అదే యార్డులో పనిచేస్తున్న మనిషి గత ఆరు నెలల జీతం చీటీల సగటు వేస్తాను. చీటీ ఫోటో చూపించలేకపోతే ఆ గడిలో ఇరవై గంటలే రాస్తాను. ఏజెంటు రుసుము గడిని అడుగు నుంచి తీసి అన్నిటికన్నా పైన పెట్టాను. అది నిండే దాకా జీతం అంకె చెప్పనివ్వడం లేదు.